ట్రయల్స్ రైడింగ్: వినోద క్రీడగా ఎదిగిన చరిత్ర

ట్రయల్స్ రైడింగ్ అంటే బండరాళ్లు, వాగు గర్భాలు, చెట్ల వేళ్లు, జారుడు మట్టిగట్లు ఉన్న నేల మీద మోటారుసైకిల్‌ను గాని సైకిల్‌ను గాని కాలు కింద పెట్టకుండా నడిపించే క్రీడ. ఇందులో వేగానికి పెద్ద విలువ లేదు. ఎంత తొందరగా చేరారన్నది కాక, చేరేలోగా ఎన్నిసార్లు కాలు నేలకు ఆనిందన్నదే లెక్కకు వస్తుంది. తెలుగునాట బడుల ఆటల పోటీల్లో జరిగే నెమ్మది సైకిల్ పందెం గుర్తున్నవారికి దీని మూలసూత్రం సులువుగా బోధపడుతుంది. అక్కడ సున్నపు గీతల నడుమ చదునైన మైదానంలో పరీక్షకు నిలిచే సమతూకమే ఇక్కడ నిట్టనిలువు బండల మీద, పాకుడు పట్టిన రాళ్ల మీద పరీక్షకు నిలుస్తుంది. ‘ట్రయల్’ అన్న ఆంగ్ల పదానికి ఇక్కడ పరీక్ష అని అర్థం. అడవిబాట అనే అర్థమున్న ‘ట్రెయిల్’తో దీన్ని కలిపివేయడం తరచు జరిగే పొరపాటు. మొదట బండికి పెట్టిన పరీక్ష క్రమంగా నడిపేవారికి పెట్టే పరీక్షగా మారడమే ఈ క్రీడ చరిత్రకు కీలకం.

పోటీ దారిలో అక్కడక్కడ తాళ్లతోనో గుర్తు జెండాలతోనో హద్దులు కట్టిన చిన్న తావులుంటాయి. వీటిని ‘సెక్షన్లు’ అంటారు. ప్రతి సెక్షన్ దగ్గరా ఒక పరిశీలకుడు నిలబడి రైడర్ కాళ్లనే చూస్తుంటాడు. కాలు ఒక్కసారి కూడా ఆనకుండా దాటితే తప్పు గుర్తులు సున్నా, దీనినే ‘క్లీన్’ అంటారు. ఒకసారి ఆనితే 1, రెండుసార్లకు 2, ఆపైన ఎన్నిసార్లు ఆనినా 3, పడిపోయినా హద్దు దాటినా ముందుకు సాగలేకపోయినా 5. రోజు ముగిసేసరికి ఎవరికి తక్కువ గుర్తులు పడితే వారిదే గెలుపు. సెక్షన్‌లోకి దిగేముందు రైడర్లు ఆ తావును కాలినడకన చుట్టివచ్చి, ఏ రాయి కదులుతుందో, ఏ వేరు మీద టైరు జారుతుందో, ఎక్కడ బరువు వెనక్కి వేయాలో చూసుకుంటారు. చేయి తిరిగినవారు బండి మీద గడిపే నిమిషాలకన్నా ఈ నేలను చదవడంలో గడిపే నిమిషాలే ఎక్కువ కావచ్చు. ఈ క్రీడను మిగిలిన మోటారు క్రీడల నుంచి వేరుచేసే లక్షణం ఇదే.

దీని పుట్టుక బ్రిటన్‌లో. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకంలో మోటారుసైకిల్ ఇంకా నమ్మకం కుదరని యంత్రం. బెల్టు జారడం, ఇంజిన్ వేడెక్కి ఆగిపోవడం, చిన్న ఎత్తుకే దిగి నెట్టవలసి రావడం మామూలు విషయాలు. కనుక బండి గమ్యం చేరుతుందా లేదా అని తేల్చే ‘విశ్వసనీయతా పరీక్షలు’ మొదలయ్యాయి. మోటార్ సైక్లింగ్ క్లబ్ లండన్ నుంచి ఎడిన్‌బరోకు 1904లోను, లండన్ నుంచి ల్యాండ్స్ ఎండ్‌కు 1908లోను ఇటువంటి దూర ప్రయాణ పరీక్షలు ఆరంభించింది. స్కాట్లాండ్ కొండదారుల్లో 1909లో మొదలైన పోటీ తరువాత ‘స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్’ అన్న పేరుతో స్థిరపడి, ప్రపంచ యుద్ధాల కాలంలో ఆగినా ఈనాటికీ సాగుతున్నది. బండ్లు మెరుగై మామూలు దారులన్నింటినీ సునాయాసంగా దాటడం మొదలుపెట్టగానే నిర్వాహకులు మరింత కఠినమైన నేల వెదకవలసి వచ్చింది. ఆ వెదుకులాటలోనే దారి మొత్తాన్ని కాక ఎంచిన తావులను మాత్రమే నిశితంగా గమనించే పద్ధతి పుట్టింది.

ఈ మలుపులో యార్క్‌షైర్‌లోని షిప్లీ పట్టణంలో టూ స్ట్రోక్ మోటారుసైకిళ్లు తయారుచేసిన ఆల్‌ఫ్రెడ్ ఆంగస్ స్కాట్‌కు ప్రత్యేక స్థానముంది. ఆయన 1914లో తన కర్మాగారపు ఉద్యోగులను షిప్లీ నుంచి బర్న్‌సల్ గ్రామం దాకా కొండలోయల గుండా బండ్లు నడుపుకొని రమ్మని సవాలు చేయగా, 14 మంది బయలుదేరి 9 మంది చేరుకున్నారు. స్కాట్ ట్రయల్‌గా పేరొందిన ఆ పోటీలో కాలు ఆనిన లెక్కతోపాటు కాలవ్యవధి లెక్క కూడా ఉండేది, ఇప్పటికీ ఉంది. దక్షిణ ఇంగ్లండ్‌లో 1924లో ఇదే తరహాలో తలపెట్టిన పోటీలో పరిశీలన సెక్షన్లను వదిలి కాలాన్ని మాత్రమే లెక్కించారు. ‘స్క్రాంబుల్’ అనే పేరు పొందిన ఆ శాఖే తరువాత మోటోక్రాస్ అయింది. దుమ్మురేపే మోటోక్రాస్, అడుగు లెక్కపెట్టే ట్రయల్స్ ఒకే తల్లి బిడ్డలన్న సంగతి ఆ రెండింటినీ చూసినవారికి వెంటనే నమ్మబుద్ధి కాదు.

రెండో ప్రపంచ యుద్ధం తరువాతి రెండు దశాబ్దాలు బ్రిటిష్ ట్రయల్స్‌కు నిండు కాలం. ఆ కాలపు సంఘటనల్లో తెలుగు పాఠకులకు దగ్గరది ఒకటుంది. అప్పటివరకు ట్రయల్స్ బండ్లకు వెనుక చక్రం దగ్గర స్ప్రింగులుండేవి కావు. స్ప్రింగులుంటే చక్రం నేలపట్టు కోల్పోతుందని అనుభవజ్ఞులు గట్టిగా నమ్మేవారు. 1948లో రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ స్వింగ్ ఆర్మ్, అంటే వెనుక చక్రాన్ని పట్టుకొని కీలు మీద పైకీ కిందికీ ఊగే చట్రం, దానికి తోడు నూనెతో పనిచేసే షాక్ అబ్జార్బర్లు అమర్చిన కొత్త బుల్లెట్ నమూనాను కోల్మోర్ కప్ ట్రయల్‌లోకి దింపింది. నిజానికి జరిగినది ఆ నమ్మకానికి విరుద్ధం: ఊగే చక్రం రాయిమీద ఎగిరిపడక రాయిని అంటిపెట్టుకొని నడిచింది. జానీ బ్రిటన్ అనే యువకుడు 350 సీసీ బుల్లెట్ మీద 1952లోను, మళ్లీ 1957లోను స్కాటిష్ సిక్స్ డేస్ గెలవడంతో ఆ వాదం ముగిసింది. ఆ బుల్లెట్ వంశమే 1955లో మద్రాసులో ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా ద్వారా మన రోడ్ల మీదికి వచ్చింది. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2019లో జానీ బ్రిటన్ విజయాల స్మరణగా భారతదేశంలో ‘బుల్లెట్ ట్రయల్స్’ అనే పేరుతో 350, 500 సీసీ బండ్లను విడుదల చేసింది. నేటి పోటీ బండికి రెండు రెట్లకు మించిన బరువున్న ఆ బండిని స్మారకంగా చూడాలే గాని పోటీ యంత్రంగా కాదు.

అదే కాలంలో 1961 స్కాటిష్ పోటీ ఒక కొలమానంగా నిలిచిపోయింది. గోర్డన్ జాక్సన్ ఏజేఎస్ బండి మీద ఆరు రోజులపాటు కొండలన్నీ తిరిగి మొత్తం మీద ఒకే ఒక్క గుర్తు కోల్పోయి గెలిచాడు. పాదం ఒక్కసారి తాకిన ఆ క్షణం ఛాయాచిత్రంగా కూడా మిగిలింది.

బ్రిటిష్ ప్రాభవాన్ని ముగించినది కూడా బ్రిటిష్ ద్వీపాల మనిషే. బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన శామ్మీ మిల్లర్ 500 సీసీ ఏరియల్ బండిని అంగుళం అంగుళం తరిగి తేలిక చేసుకొని, 1959 నుంచి వరుసగా పదకొండేళ్లు బ్రిటిష్ చాంపియన్‌గా నిలిచాడు. బరువైన ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ల కాలం చెల్లుతున్నదని గ్రహించి 1964 చివర ఆయన బార్సిలోనాకు వెళ్లి, ఫ్రాన్సెస్క్ బుల్తో స్థాపించిన బుల్తాకో సంస్థతో కలిసి 244 సీసీ టూ స్ట్రోక్ ఇంజిన్‌తో షెర్పా అనే బండికి రూపమిచ్చాడు. 1965లో ఆ బండి మీద మిల్లర్ స్కాటిష్ సిక్స్ డేస్ గెలవడంతో తొలిసారిగా ఒక విదేశీ బండికి ఆ గెలుపు దక్కింది. ఇది ఒక మనిషి గెలుపుకు మించినది. బండి తేలికైతే దాన్ని ఎత్తి తిప్పగల బలం లేనివారు కూడా, అంటే బాలురు, స్త్రీలు, వారాంతపు అభిరుచిగా మాత్రమే నడిపేవారు ఈ క్రీడలోకి రాగలరు. ట్రయల్స్ సామాన్యుల వినోదంగా విస్తరించడానికి అసలు కారణం ఇదేనని చెప్పాలి. స్పెయిన్‌లోనే మోంటెసా, ఓస్సా సంస్థలు, తరువాత జపాన్‌లో యమహా, హోండా ఇదే బాట పట్టాయి.

ప్రపంచ చాంపియన్‌షిప్ 1975లో మొదలైంది. తొలి విజేత ఇంగ్లండ్‌కు చెందిన మార్టిన్ లాంప్‌కిన్. 1979లో గెలిచిన బెర్నీ ష్రైబర్ ఆ పట్టం పొందిన ఏకైక అమెరికన్. స్పెయిన్‌కు చెందిన జోర్డి తారెస్, మార్టిన్ కుమారుడు డగీ లాంప్‌కిన్ చెరి ఏడుసార్లు, కాటలోనియాకు చెందిన టోనీ బౌ 2007 నుంచి 2024 దాకా ఏ ఒక్క ఏడాదీ విడవకుండా గెలిచారు. స్త్రీల ప్రపంచ పోటీ 2000లో మొదలుకాగా, లాయా సాంజ్ దానిని పదమూడుసార్లు గెలుచుకుంది.

సైకిల్ ట్రయల్స్ ఈ చెట్టుకు మొలిచిన కొమ్మ, కాని ఆ కొమ్మే తరువాత చెట్టు ఆకారాన్ని మార్చింది. మోంటెసా సంస్థలో మోటారుసైకిళ్లకు మెరుగులు దిద్దిన పెరె పీ, ఇంజిన్ నడిపే వయసు రాని పిల్లలు కూడా సమతూకం నేర్చుకోవాలన్న ఆలోచనతో 1970ల చివర, 1980ల మొదట్లో చిన్న చక్రాల సైకిల్‌ను రూపొందించాడు. ఈ ఆటకు స్పెయిన్‌లో ‘ట్రయల్‌సిన్’ అనే పేరు వచ్చింది. స్పానిష్‌లో ‘సిన్’ అంటే ‘లేని’ కనుక ఇది మోటారు లేని ట్రయల్ అన్నమాట. ఆయన కుమారుడు ఓట్ పీ ఈ ఆటలో తొలి ప్రపంచస్థాయి తారల్లో ఒకడయ్యాడు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 1986 నుంచి ప్రపంచ పోటీలు నడుపుతున్నది. 20 అంగుళాల చక్రాలకు, 26 అంగుళాల చక్రాలకు వేర్వేరు విభాగాలున్నాయి. పోటీ సైకిల్‌కు సీటు ఉండదు, ఉన్నా మోకాలికి అడ్డురానంత కిందకు ఉంటుంది, గేరు ఒక్కటే. బ్రేకు కొంచెం పట్టగానే చక్రం కదలక నిలవడానికి రిమ్ అంచును కావాలనే గరుకుగా గీస్తారు. ఎందుకంటే ఇక్కడ బ్రేకుకు వేగం తగ్గించే పనికన్నా చక్రాన్ని బిగించి రైడర్ గెంతడానికి పీట వేసే పనే ముఖ్యం.

వెనుక చక్రం మీద నిలబడి గెంతుతూ రాయి నుంచి రాయికి పోవడం ఈ సైకిల్ పిల్లలకు చిన్ననాటి నుంచే ఒంటబట్టింది. తారెస్, బౌ ఇద్దరూ సైకిల్ మీద మొదలుపెట్టినవారే. వారు మోటారుసైకిల్ ఎక్కినప్పుడు ఆ గెంతులను వెంట తెచ్చారు. దాంతో ఆగకుండా మెల్లగా పారే నీటిలా సాగాలన్న పాత బ్రిటిష్ పద్ధతికీ, ఆగి, సరిచూసుకొని, గెంతి ఎక్కే కొత్త పద్ధతికీ మధ్య వివాదం తలెత్తి, ఆగితే 5 గుర్తులు వేయాలా వద్దా అన్న నియమం ఒకటికి రెండుసార్లు మారింది. ఆగడానికి వీలిస్తే చూపరులకు అబ్బురం పెరుగుతుంది, కాని నిర్వాహకులు సెక్షన్లను మరింత ప్రమాదకరంగా పేర్చవలసి వస్తుంది. ఆగకూడదంటే సామాన్యుడికీ ఆడదగినదిగా ఉంటుంది. వినోదంగా ఆడేవారి సంఖ్యే క్రీడకు ప్రాణమనుకుంటే ఆగని పద్ధతి వైపే న్యాయం ఎక్కువ.

సైకిల్ ట్రయల్స్‌ను పోటీ మైదానం బయట కోట్లమందికి చూపినది స్కాట్లాండ్‌లోని స్కై ద్వీపానికి చెందిన డానీ మెక్ఆస్కిల్. సైకిల్ దుకాణంలో పనిచేస్తూ ఎడిన్‌బరో వీధుల గోడలు, కటకటాలు, మెట్ల మీద ఆయన నడిపిన తీరును 2009లో చిత్రించి అంతర్జాలంలో పెట్టగా, ఈ ఆట పేరైనా విననివారు కూడా చూశారు. స్కాట్లాండ్‌లో బండి పోటీగా ఎదిగిన నైపుణ్యం నూరేళ్ల తరువాత అక్కడే ఇంజిన్ లేకుండా ఇలా కొత్త రూపు తీసుకుంది.

అభిరుచిగా ఈ క్రీడ నిలదొక్కుకోవడానికి కారణాలు దాని కట్టుబాట్లలోనే ఉన్నాయి. స్థానిక క్లబ్బులు ఏ రైతు రాళ్లబీడునో అడిగి పుచ్చుకొని ఆదివారం పోటీ పెడతాయి. ఒకే సెక్షన్‌లో కొత్తవారికి, మధ్యస్థులకు, నిపుణులకు వేర్వేరు రంగుల బాణాలు గుర్తులుగా ఉంటాయి కనుక తాత, తండ్రి, మనుమడు ఒకే రోజున ఒకే చోట ఆడగలరు. పరిశీలకులు చాలావరకు స్వచ్ఛందంగా వచ్చే పాత రైడర్లు, ఇంటివాళ్లు. సుమారు 70 కిలోల బండి, నిలబడే నడపడానికి వీలుగా తీసేసిన సీటు, నాలుగైదు పౌండ్ల గాలి మాత్రమే నింపి రాయిని పిడికిలిలా పట్టేట్టు మెత్తగా ఉంచిన టైరు: వీటన్నింటి వల్ల ప్రమాదం వచ్చినా మనిషి నడకవేగంలోనే వస్తుంది. టైరు గాడులు లోతు తక్కువ కాబట్టి నేల కూడా పెద్దగా చెదరదు. పాత బండ్లను బాగుచేసి 1965కు ముందటి రకాలకే పరిమితమైన పోటీల్లో నడపడం ఈ అభిరుచిలో మరొక శాఖ. ఇటీవల విద్యుత్ బండ్లు రావడంతో చిన్నపిల్లలు మొదటి పాఠాలు చప్పుడు లేకుండా పెరటిలోనే నేర్చుకోగలుగుతున్నారు.

స్కాట్ ట్రయల్ ఇప్పటికీ యార్క్‌షైర్‌లోని స్వేల్‌డేల్ లోయలో జరుగుతూ, దాని రాబడి స్థానిక దానసంస్థలకు వెళుతున్నది. స్కాటిష్ సిక్స్ డేస్ ప్రతి మే నెలలో ఫోర్ట్ విలియం పట్టణం కేంద్రంగా జరుగుతుంది. రావాలనుకునేవారు ఎక్కువ కావడంతో చీట్లు తీసి ఎంపిక చేస్తారు. ఆ పోటీని పన్నెండుసార్లు గెలిచిన డగీ లాంప్‌కిన్ ఎక్కిన బండలనే, జీవితంలో ఏనాడూ కప్పు గెలవని వారాంతపు రైడరూ అదే వారంలో, అదే పరిశీలకుడి ఎదుట ఎక్కుతాడు.