వెనుకవైపు కోసుకుపోయిన కట్ట

బందరులో వలందపాలెం ఉంది. వలందులంటే హాలండువారు, అంటే డచ్చివారు. 17వ శతాబ్దిలో బందరులోనూ పులికాటులోనూ కోఠీలు పెట్టి మన బట్టలు ఓడలకెక్కించినవారే. మనకు వారు వర్తకులుగానే పరిచయం. సొంతగడ్డ మీద మాత్రం వారి బ్రతుకంతా మట్టికట్టలు పోసి సముద్రాన్ని ఆపడంలోనే గడిచింది.

వారి తీరసీమల్లో పూర్వం ఒక కట్టుబాటు ఉండేది. పొలమున్నవాడు తన వంతు కట్టను తానే బాగుచేసుకోవాలి. చేయలేనివాడు కట్టలో పార గుచ్చి ఊరు విడిచిపోవాలి. ఆ పారను పెరికినవాడికి పొలమూ దక్కుతుంది, కట్ట బరువూ మీద పడుతుంది. ఇన్నేళ్ళుగా తనఖా కాగితాలు తిరగేసిన నాకు ఇంత క్లుప్తమైన దస్తావేజు ఎక్కడా కనబడలేదు! కాలక్రమాన ఈ బాధ్యత స్థానిక నీటి సంఘాల చేతికి వచ్చింది. సంఘం పన్ను వసూలు చేసి కట్టలు చూసేది.

1906 మార్చిలో తుపాను వచ్చి జేలండ్ సీమను ముంచింది. కట్టల ఎత్తు చాలదని తేలింది. అయితే మట్టికట్టను ఎత్తు చేయాలంటే అడుగున వెడల్పూ పెంచాలి. మట్టి, కూలి, పక్క పొలం అన్నీ కావాలి. చిన్న సంఘాలకు అంత స్తోమతు ఎక్కడిది? షౌవెన్ సంఘం ఇంజనీరు డి మురాల్ట్ చౌక ఉపాయం చెప్పాడు. కట్ట నెత్తిన సన్నని కాంక్రీటు గోడ నిలబెట్టడమే అది. 1935 నాటికి సుమారు 120 కిలోమీటర్ల పొడవున ఈ గోడలు లేచాయి. ఆయనను నేను తప్పుపట్టను. ఉన్న సొమ్ముకు తగిన పని చేశాడు. కాని ఎత్తు పెరిగిందే తప్ప కట్ట ఒళ్ళు పెరగలేదు.

1953 జనవరి 31 రాత్రి పెద్ద పోటుకు వాయవ్యపు గాలి తోడైంది. నీరు కట్టల మీదుగా దూకింది. సముద్రం వైపు రాతి తాపడం ఉంది. పొలం వైపు నిటారుగా దిగే వాలుకు పచ్చికే దిక్కు. దూకిన నీరు ఆ వాలును కోసింది, మట్టి జారింది, కట్టలు వెనుకనుంచి తెగాయి. 1,836 మంది చనిపోయారు. కట్టలు చాలవని యోహాన్ వాన్ వేన్ అనే ఇంజనీరు ఏళ్ళ తరబడి మొత్తుకుంటూనే ఉన్నాడు. యుద్ధంలో చితికిన దేశం, ఖజానాకు వేరే ఖర్చులు.

ఇక గండ్లు పూడ్చే పని. ఆలస్యమయ్యే కొద్దీ ఇది చక్రవడ్డీలా పెరుగుతుంది. రోజుకు రెండుసార్లు పోటూ పాటూ గండిలోంచే రాకపోకలు సాగిస్తాయి, ప్రతిసారీ దాన్ని వెడల్పూ లోతూ చేస్తాయి. చిన్న గండ్లకు ఇసుక బస్తాలు సరిపోయాయి. పెద్దవాటికి ముందు అడుగు కోసుకుపోకుండా కొమ్మలతో అల్లిన పెద్ద చాపలను రాళ్ళు వేసి ముంచారు. ఔవర్‌కెర్క్ దగ్గరి చివరి గండికి అదీ చాలలేదు. 1944లో నార్మండీ తీరాన సేనలు దిగడానికి తాత్కాలిక రేవు కట్టారు గదా, ఆ పనికి తయారుచేసిన డొల్ల కాంక్రీటు పెట్టెలు నాలుగు తెచ్చి దించారు. నవంబరు 6 రాత్రి గండి మూసుకుంది. తొమ్మిది నెలలు పైబడింది.

ఆ నాలుగు పెట్టెల్లో ఒకదానిలో 2001లో వరద మ్యూజియం తెరిచారు. మురాల్ట్ గోడలు కూడా షౌవెన్ కట్టల మీద అక్కడక్కడా మిగిలే ఉన్నాయి.