పసిబిడ్డల దిగని వృషణము

నల్లగొండ, పాలమూరు పల్లెలలో మగశిశువునకు వృషణము సంచిలోనికి దిగనిచో, "పెద్దగైతే అదే దిగుతది, ఎవ్వరికి చెప్పకుండ్రి" అని ముసలివారనుట చిన్ననాటనుండి వినుచున్నాను. అందు సగము నిజము. నెలలు నిండి పుట్టిన మగశిశువులలో నూటికి సుమారు ముగ్గురికి ఈ లోపముండును. ఏడాదికది ఒక్కనికి తగ్గును. కాని తానై దిగుట తొలి ఆరు నెలలలోని మాట, ఆపైన అరుదు.

గర్భమున వృషణము కడుపులో పుట్టి గజ్జదారిని దిగుటను 18వ శతాబ్దిలో జాన్ హంటరు వర్ణించెను. దిగనిదానిని శస్త్రముతో చోటు చేర్చ 1820లో మ్యూనిచ్‌లో రోజెన్‌మెర్కెల్ యత్నించి విఫలుడయ్యెను. 1877లో ఎడింబరోలో థామస్ అన్నండేలు మూడేండ్ల బాలునియందు కృతార్థుడయ్యెను. నడుమ వచ్చినవి రెండు: మత్తుమందు, లిస్టరు నేర్పిన క్రిమిహర పద్ధతి.

అన్నండేలు గురువైన జేమ్స్ సైమునకే శిష్యుడు ఎడ్వర్డు లారీ. ఈయన హైదరాబాదు వైద్యపాఠశాల కధిపతియై, 1888, 1889లలో క్లోరోఫారము కమిషనులు నడిపెను. నాడు మన రెండు జిల్లాలును నిజాము రాజ్యములోనివే. మత్తిచ్చువాడు నాడినిగాక ఊపిరిని కనిపెట్టవలెనని లారీ పట్టుదల. తేలికమత్తులోనే గుండె యాగవచ్చునని 1911లో లెవీ చూపుటతో ఆ వాదము వీగినది. అయినను పసివానిని క్షేమముగా నిద్రపుచ్చు సమస్య మన నగరమున అంత శ్రద్ధగా చర్చింపబడుట సామాన్యము కాదు.

నాడు ఫలితమనగా గాయము మానుట, వృషణము సంచిలో నిలుచుట. చేతికి తగులు వృషణము విషయమున నేడది నూటికి 95కు పైగా సిద్ధించుచున్నది. తరువాతి లెక్క వేరు. ఒకవైపు లోపమునకు చికిత్స పొందినవారిలో నూటికి సుమారు 90 మంది తండ్రులగుచుండగా, రెండువైపుల లోపమున్నవారిలో సుమారు 65 మందియే. 2007లో వెలువడిన స్వీడను పరిశోధనలో, 13 ఏండ్లలోపు చికిత్స జరిగినవారికి వృషణపు క్యాన్సరు ఇతరులకంటె రెట్టింపుకు కొంత మించి, ఆపైన జరిగినవారికి ఐదురెట్లకు మించి కనబడినది. ఆ వ్యాధి మొత్తముమీద అరుదే యనుకొనుడు. ఏడాది దాటినకొలది బీజకణములు క్షీణించును. కనుకనే ఆరవ నెల తరువాత, పదునెనిమిదవ నెలలోపల శస్త్రచికిత్స జరుగవలెనందురు. చలికి పైకెక్కి వెచ్చదనమునకు దిగు వృషణము వేరు. దానికి సాధారణముగా కత్తి యక్కరలేదు.

నేనెరిగిన పాలమూరు కూలి యొకడు, పుణెలో పనులు తీరక, కుమారుని తొమ్మిదవ యేట ఆసుపత్రికి తెచ్చెను. కోత సుఖముగా ముగిసినది. తల్లి ఒడిలోని నాలుగునెలల తమ్మునికిని అదే లోపము. "వీన్ని ఎప్పుడు తేవాలె సారూ?" అని తండ్రి యడిగెను. "రెండు నెలలకు" అని వైద్యుడు చీటీమీద తేది వ్రాసియిచ్చెను.