బ్రయాన్ టోఓ

బ్రయాన్ టోఓ (జననం 1998) సమోవా సంతతికి చెందిన ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ ఆటగాడు, పశ్చిమ సిడ్నీకి చెందిన పెన్రిత్ పాంథర్స్ జట్టు వింగర్. 2019లో ఆస్ట్రేలియా ప్రధాన రగ్బీ లీగ్ పోటీ అయిన ఎన్‌ఆర్‌ఎల్‌లో అడుగుపెట్టి, 2021 నుంచి 2024 వరకు పెన్రిత్ వరుసగా గెలిచిన నాలుగు టైటిళ్లలోనూ పాలుపంచుకున్నాడు. 2022 ఫైనల్లో పారామాటా జట్టుపై రెండు ట్రైలు (బంతిని ప్రత్యర్థి గీత దాటించి నేలకు ఆనించడం) చేశాడు.

అయితే ట్రైల లెక్క ఒక్కటే చూస్తే అతని విలువ సగమే తెలుస్తుంది. రగ్బీ లీగ్‌లో బంతి చేజిక్కిన జట్టుకు ఆరు టాకిళ్ల వరకే (అంటే ప్రత్యర్థి ఆరుసార్లు పట్టి ఆపేవరకే) అవకాశం, కాబట్టి ముందుకు సాగే ప్రతి అడుగూ విలువైనదే. ప్రత్యర్థి కిక్ కొట్టాక సొంత గీత దగ్గర నుంచి మొదటి పరుగులు తీయడం ఒళ్లు హూనమయ్యే పని. పొడగరి కాకపోయినా దిట్టమైన శరీరంతో, ముగ్గురు మీద పడినా కాళ్లు ఆడిస్తూ టోఓ జట్టును ముందుకు తీసుకెళ్తాడు. పెన్రిత్ దాడులు చాలావరకు ఆ పరుగులతోనే మొదలవుతాయి.

2021లో న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ రాష్ట్రాల మధ్య జరిగే స్టేట్ ఆఫ్ ఆరిజిన్‌లో న్యూ సౌత్ వేల్స్ తరఫున తొలి మ్యాచ్‌లోనే రెండు ట్రైలు చేశాడు. క్వీన్స్‌లాండ్ 50-6తో చిత్తయింది. మరుసటి ఏడాది ప్రపంచకప్‌లో పూర్వీకుల దేశమైన సమోవా తరఫునే ఆడాడు. సెమీస్‌లో ఇంగ్లండ్‌ను 27-26తో ఓడించి సమోవా తొలిసారి ఫైనల్ చేరింది. మాంచెస్టర్‌లో జరిగిన ఆ ఫైనల్లో ఆస్ట్రేలియా చేతిలో 30-10తో ఓడినా, సమోవా చేసిన రెండు ట్రైలలో ఒకటి టోఓదే.