నానాటి బతుకు నాటకము (సంకీర్తన)

నానాటి బతుకు నాటకము తాళ్ళపాక అన్నమాచార్యుడు (1408–1503) రచించిన అధ్యాత్మ సంకీర్తన. నేదునూరి కృష్ణమూర్తి రేవతి రాగంలో కూర్చిన బాణీతో ఇది బహుళ ప్రచారం పొందింది.

అర్థ వివరణ

"నాటకము" అనే పదాన్ని బట్టి ఇది జగత్తు మిథ్య అని బోధించే పాటగా తోచవచ్చును. చరణాలు మాత్రం ఆ అర్థాన్ని పూర్తిగా సమర్థించవు. జననం, మరణం రెండూ సత్యమేనని మొదటి చరణం చెబుతుంది. నాటకమన్నది ఆ రెంటి నడిమి వ్యవహారాన్నే. తినే అన్నం, కట్టే బట్ట కూడా అందులోనివే.

మరణానంతర ఫలంగా కవి స్వర్గాన్ని పేర్కొనకపోవడం గమనార్హం. ఆయన దృష్టిలో పుణ్యం సైతం ఒడిలో మూటగట్టుకున్న బరువే. పాపపుణ్యాలు రెంటి హద్దూ దాటినప్పుడే కైవల్యం. అయితే ఆ రెంటికీ అంతు లేదు గనుక జీవుడు తన లెక్కను తానుగా తీర్చుకోలేడు. అన్నిటికీ పైనున్నవాడు శ్రీవేంకటేశ్వరుడొక్కడే అన్న చివరి చరణాన్ని, అన్నమయ్య అనుసరించిన విశిష్టాద్వైతంలోని శరణాగతి భావంతో అన్వయించుకోవాలి.