హాట్ రాడ్

హాట్ రాడ్ అనగా పాత అమెరికన్ కారును, ముఖ్యంగా 1920, 1930 దశకాల నాటి ఫోర్డు కారును, వేగం కోసం విప్పి, మార్చి, తిరిగి కట్టిన వాహనము. ఈ వాడుకకు, దాని చుట్టూ పెరిగిన షెడ్లు, పందేలు, కార్ల కూటములతో కూడిన సంస్కృతికి అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా పుట్టినిల్లు. పేరు "హాట్ రోడ్‌స్టర్" అన్నదాని కుదింపు అని కొందరు, ఇంజనులోని కడ్డీల వలన వచ్చినదని మరికొందరు అంటారు.

పుట్టుక

1908 నుండి 1927 వరకు ఫోర్డు మోడల్-టి కార్లు కోటిన్నర దాకా తయారైనవి. అవి పాతబడిన తరువాత కుర్రవాళ్ళకు చవకగా దొరికేవి. బరువు తగ్గడానికి మడ్‌గార్డులు, బానెట్, ముందు అద్దం ఊడదీసేవారు. 1932లో ఫోర్డు కంపెనీ సామాన్యులు కొనగల ధరలో 65 హార్స్‌పవర్ వి-8 ఇంజను గల కారును విడుదల చేసినది. దాని వాల్వులు సిలిండరు హెడ్‌లో కాక బ్లాకులోనే ఉండుట వలన హెడ్ చదునుగా ఉండేది. అందుకే "ఫ్లాట్‌హెడ్" అన్నారు. అదనపు కార్బురేటర్లు, మార్చిన కామ్‌షాఫ్ట్, కొత్త హెడ్‌లు అమర్చి దాని శక్తిని పెంచేవారు. "డ్యూస్" అని ముద్దుగా పిలిచే ఆ 1932 కారు హాట్ రాడ్‌లలో నేటికీ అందరికంటే ప్రియమైనది.

పందేలు

తొలి పందేలు మ్యూరాక్ వంటి ఎండిన సరస్సుల మీద జరిగేవి. వాటిని క్రమబద్ధం చేయుటకు 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడినది. తరువాత మ్యూరాక్ సైన్యం అధీనంలోనికి పోయి ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరమైనది. రెండవ ప్రపంచ యుద్ధం నుండి తిరిగివచ్చిన యువకులు సైన్యంలో నేర్చిన యంత్ర పనితో ఈ అభిరుచికి ఊపు తెచ్చారు. 1946లో బిల్ బర్క్ యుద్ధ విమానపు ఇంధన ట్యాంకునే కారు బాడీగా మలచినాడు.

అయితే ఊరి రోడ్ల మీద రాత్రివేళ పందేలు ప్రాణాలు తీసేవి. హాట్ రాడ్ నడిపేవాడంటే రౌడీ అని పత్రికలు, పోలీసులు భావించేవారు. ఈ చెడ్డపేరు పోగొట్టి, పందేలను రోడ్ల నుండి మైదానాలకు తరలించుటకు వాలీ పార్క్స్ 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ స్థాపించారు. పావు మైలు (402 మీటర్లు) నేరు పందెం, అనగా డ్రాగ్ రేసు, దీని వలననే దేశమంతా వ్యాపించినది. 1948 జనవరిలో రాబర్ట్ పీటర్సన్ ప్రారంభించిన "హాట్ రాడ్" మాసపత్రికకు పార్క్సే తొలినాళ్ళ సంపాదకుడు.

ప్రసిద్ధ స్థలాలు

లాస్ ఏంజెలెస్ పరిసరాలలో ఈ స్థలాలన్నీ కారులో తిరిగి చూడదగినంత దగ్గరగా ఉన్నవి. బర్‌బాంక్‌లో అలెక్స్ జీడియాస్ 1946లో, సైన్యం నుండి విడుదలైన రోజే, సో-కాల్ స్పీడ్ షాప్ తెరచినాడు. అది 1961లో మూతపడినది. అదే ఊరిలో 1949 నాటి బాబ్స్ బిగ్ బాయ్ హోటలు ముందు శుక్రవారం సాయంత్రాలు పాత కార్లు బారులు తీరుట ఆనవాయితీ. నార్త్ హాలీవుడ్‌లో జార్జ్ బారిస్ షెడ్డు ఉండేది. లింకన్ ఫ్యుచురా అనే నమూనా కారును 1966 టెలివిజన్ ధారావాహికకు బ్యాట్‌మొబైల్‌గా మార్చినది ఆయనే. శాంటా ఫే స్ప్రింగ్స్‌లోని డీన్ మూన్ దుకాణం చదునైన అల్యూమినియం చక్రపు మూతలకు పేరు. పొమోనాలో 1998లో తెరచిన వాలీ పార్క్స్ మ్యూజియం ఉన్నది.

బాన్నెవిల్

యూటా రాష్ట్రంలోని ఈ ఉప్పు మైదానంలో 1949 నుండి "స్పీడ్ వీక్" జరుగుచున్నది. ఒకప్పుడు 13 మైళ్ళ వరకు పరుగుబాట దొరికేదని, ఇప్పుడు అందులో చాలా భాగం పనికిరాదని పందెగాళ్ళు అంటారు. పొటాష్ కోసం దశాబ్దాలుగా ఉప్పునీరు తోడుటయే కారణమని వారి ఆరోపణ. వాతావరణ మార్పులకు కూడా పాత్ర ఉన్నదని కొందరు శాస్త్రజ్ఞులు అంటారు. 1997లో ఉప్పునీటిని శీతాకాలంలో తిరిగి మైదానం మీదికి పంపు చేయుట మొదలైనది. అయినా 2014లో నీరు నిలిచినందున, 2015లో గట్టి ఉప్పు పొర చాలక, పందేలు వరుసగా రెండేళ్ళు రద్దయినవి. 2022లోనూ వర్షం వలన జరుగలేదు.