వంకాయలవారి వీధి పత్రికాయన

మా రాజమండ్రిలో బడికెళ్లిన ప్రతివాడికీ చిలకమర్తివారి పద్యం ఒకటి నోటికొచ్చి ఉంటుంది. వీరేశలింగం పంతులుగారు తన ఒంటినీ, ఇంటినీ, కాలాన్నీ, డబ్బునీ, చదువునీ జనానికే ఖర్చుపెట్టేశారని అందులో లెక్క. చిన్నప్పుడు గడగడా అప్పజెప్పేసి కూర్చునేవాణ్ణి. యాభై దాటాక ఒకనాడు వంకాయలవారి వీధిలో, పంతులుగారు పుట్టిన ఇంటి ముందునుంచి పోతూ దాన్నే గొణుక్కుంటుంటే తట్టింది. ఆ లెక్కలో ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు లేరు. ఇల్లంటే ఇల్లాలేనని కవిగారు సరిపెట్టి ఉంటారు.

ఊరికి ఆయన సంఘసంస్కర్త, గద్యతిక్కన. నాకిష్టమైనది మాత్రం పత్రిక నడిపిన పంతులుగారు. 1874లో ధవళేశ్వరంలో బడిపంతులుగా ఉంటూ ‘వివేకవర్ధని’ మొదలుపెట్టారు. గోదావరి మీద రైలు వంతెన రావడానికి ఇంకో పాతికేళ్లు పట్టే కాలం. రాసింది మద్రాసు పంపాలి, అక్కడ అచ్చయి తిరిగి రావాలి. ఆ బాధ పడలేక కొన్నాళ్లకు రాజమండ్రిలోనే సొంతంగా ప్రెస్సు పెట్టించారు. ‘సంజీవని’ నడిపే కొక్కొండ వెంకటరత్నం పంతులుగారితో కలహం ఎంతదాకా పోయిందంటే, ఆయన వీరి పేరు లాక్కుని ‘హాస్యవర్ధని’ పెడితే, వీరు ఆయన పేరు లాక్కుని ‘హాస్యసంజీవని’ పెట్టారు. ఇద్దరూ పండితులే, ఇద్దరూ పంతులుగార్లే!

ఆ వేళాకోళం అలా ఉంచండి. ఊళ్లో పత్రిక నడపడంలో అసలు కష్టం వేరే ఉంది. కోర్టుల్లో లంచాల గురించీ, పెద్దమనుషుల భోగం మేళాల గురించీ రాస్తే చదివేవాడు ఎక్కడో ఉండడు. రాసినవాడూ, రాయించుకున్నవాడూ తెల్లారితే ఒకే రేవులో స్నానం చెయ్యాలి. ప్లీడర్ల మోసాల మీద ‘వ్యవహార ధర్మబోధిని’, కాటికి కాళ్లు చాపుకున్న ముసలాయన చిన్నపిల్లని కట్టుకోవడం మీద ‘బ్రాహ్మవివాహం’ అనే నాటకాలు రాశారు. అదీ ఎవరి భాషలో వాళ్లు మాట్లాడేట్టు. ఏ పాత్ర ఏ వీధివాడో ఊళ్లో గుర్తుపట్టకుండా ఉంటారా?

అలా రాసే మనిషికి ఇంట్లో ఎవరుండాలి? కాతేరు పిల్ల బాపమ్మ. 1861లో పెళ్లినాటికి ఆయనకే పదమూడేళ్లు, ఆమె ఇంకా చిన్నది. అత్తవారింట రాజ్యలక్ష్మి అయింది. పత్రిక మొదలయ్యేసరికి ఇరవై దాటిన ఇల్లాలు.

1881 డిసెంబరు 11 రాత్రి పంతులుగారు చేయించిన మొదటి వితంతు వివాహం జరిగింది. కాపలాకి పోలీసులు, తోడుకి ఆయన దగ్గర చదువుకునే కుర్రాళ్లు. ఈ సంగతి అందరూ రాస్తారు. నేను చెప్పేది వంటింటి సంగతి. వెలి వేశాక వంటవాళ్లు రాలేదు, నీళ్లు మోసేవాళ్లు మానేశారు. ఆ పెళ్లిళ్లకి వండిందీ, గోదావరికి పోయి నీళ్లు తెచ్చిందీ ఆవిడే. అయినవాళ్లు ఆయన్ని వదిలి వచ్చెయ్యమన్నా పోలేదు. భోజనాలకి వచ్చిన స్నేహితుల్లో కొందరు మర్నాటినుంచే మెత్తబడి, ప్రాయశ్చిత్తాలు చేయించుకుని కులంలో కలిసిపోయారు. వాళ్లు తిన్న అన్నం వండినావిడకి అలాంటి దారి లేదు.

నీళ్లు మోయడమంటే ఏమిటో నాకు కొంచెం తెలుసు. చిన్నప్పుడు వేసవిలో కుళాయి రాకపోతే మా అమ్మతో రేవుకి వెళ్లేవాణ్ణి. వేసవిలో గోదారి దూరం జరిగిపోతుంది. ఇసకలో నడిచి, ముంచుకుని, మళ్లీ మెట్లన్నీ ఎక్కాలి. ఇత్తడి బిందె చంకనెత్తుకుంటే అడుగడుక్కీ తొణికి చీర ఒక పక్కంతా తడిసి కాళ్లకి చుట్టుకుంటుంది. మెట్ల మీద ఎదురొచ్చినవాళ్లు పక్కకి తప్పుకుని, “జాగ్రత్తమ్మా, జారుతుంది” అనేవారు. రాజ్యలక్ష్మమ్మగారికీ ఎదురొచ్చినవాళ్లు పక్కకి తప్పుకునే ఉంటారు. మైల అంటుతుందని.

ఒక్క మాట మొహమాటం లేకుండా చెప్పాలి. పంతులుగారు ఆడవాళ్ల కోసం రాసినవి కొన్ని ఇవాళ చదివితే చిరాకేస్తుంది. 1883లో ‘సతీహితబోధిని’ పెట్టి స్త్రీలకంటూ ఒక పత్రిక నడపడం గొప్ప సంగతే. కానీ ‘పత్నీహితసూచని’ తెరిస్తే భార్య ఎలా మసులుకోవాలో వరసపెట్టి చెబుతారు. సుద్దులు చెప్పే చెయ్యి ఒకటి, ఆ చేతికి అన్నం పెట్టే చెయ్యి ఇంకొకటి. అయినా ఈ మనిషిని మంచి మొగుడు కాదనలేను. చుట్టుపక్కల మగవాళ్లు పెళ్లాం పోయిన ఏడాదికే పసిపిల్లని కట్టుకునే రోజుల్లో ఈయన చివరిదాకా ఒక్క ఆవిడతోనే గడిపారు. పిల్లలు లేరు. గడప తొక్కిన వితంతువులంతా ఆ ఇద్దరి పిల్లలే. పురుళ్లూ, జబ్బులూ, అలకలూ ఆవిడ చూసేవారు. ఉన్న ఆస్తంతా పంతులుగారు తాను పెట్టిన హితకారిణి సమాజానికి రాసిచ్చేశారు.

1910లో ఆవిడ పోయారు. ఆయన తొమ్మిదేళ్లు ఉండి, 1919 మే 27న మద్రాసులో, కొమర్రాజు లక్ష్మణరావుగారి ఇల్లు ‘వేదవిలాసం’లో కన్నుమూశారు. అప్పటికీ ఆయన ముందు తన ‘ఆంధ్ర కవుల చరిత్ర’ కాగితాలే.

ఏప్రిల్ 16 ఆయన పుట్టినరోజు. తెలుగు నాటకరంగ దినోత్సవం కూడా అదే గనక విగ్రహం దగ్గర సందడి, మైకులు, దండలు. ఆనంద గార్డెన్స్‌కి వచ్చేవాళ్లు తక్కువ. అక్కడ భార్యాభర్తల సమాధులు రెండూ ఉన్నాయి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఆయనకోసమని బంతిపూల దండ ఒకటే పట్టుకెళ్లాను. అక్కడే నిలబడి, దారం తెంపి, రెండు చేసి, పూలు కొన్ని రాలిపోతే ఏరుకుని ముడేశాను.