వంతెన మీద మంచు పరిచిన రోజులు

అమెరికా ఈశాన్య మూలన ఉన్న వెర్మాంట్, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రాల్లో పైకప్పు వేసిన చెక్క వంతెనలు ఇప్పటికీ కనిపిస్తాయి. దూరం నుంచి చూస్తే ఏటికి అడ్డంగా ఎవరో పొడుగాటి పశువులపాక కట్టినట్టుంటుంది. వానకు నాని దూలాలు చివికిపోకుండా ఆ కప్పు వేశారు. 19వ శతాబ్దంలో ఆ వంతెనలున్న ఊళ్ళు చలికాలం వస్తే ఒక పనికి కూలి ఇచ్చేవి. బయట పడిన మంచును పారలతో ఎత్తి తెచ్చి వంతెన లోపల పరచడమే ఆ పని. కొన్ని ఊళ్ళు ఇందుకోసం ఒక మనిషిని ప్రత్యేకంగా నియమించుకున్నాయి కూడా. దారిలోని మంచును తొలగించడానికి ఏటా ఇంత డబ్బు పోసే దేశంలో, మంచు లేనిచోటికి దాన్ని మోసుకొచ్చిన కాలం ఒకటి ఉందన్నమాట. ఈ చిన్న సంగతి ఉత్తరదేశపు చలికాలం మీద మనకున్న అభిప్రాయాన్ని తిరగేస్తుంది. మంచు పడితే దారులు మూసుకుపోతాయని మనం అనుకుంటాం. మోటారు రాకముందు ఆ ప్రాంతంలో బరువు మోయవలసినవాడికి మంచు పడ్డాకే దారి తెరుచుకునేది. మంచు అప్పుడూ ఇప్పుడూ ఒకటే. దాని మీద నడిచే బండి మారింది. చలిని తట్టుకోవడమంటే మంచుతో పోరాటమే అన్న ఆలోచన మనం అనుకున్నంత పాతది కాదని, అది చక్రంతోపాటు చలికాలంలోకి వచ్చిందని చెప్పడానికి సాక్ష్యాలు చాలానే ఉన్నాయి.

వంతెనలో మంచు ఎందుకంటే, అప్పటి చలికాలపు బండికి చక్రాలుండవు. రెండు పొడుగాటి జారుడు పట్టాల మీద పెట్టెను కూర్చోబెట్టి గుర్రాలను కడితే అది స్లెడ్జి. మంచు మీద అది తేలిగ్గా జారిపోతుంది. పొడి చెక్క మీదికి రాగానే పట్టాలు కరకరమని ఒరుసుకుని గుర్రాలు లాగలేక నిలబడిపోతాయి. మిగిలిన మూడు కాలాల్లో ఆ ఊళ్ళ దారులెలా ఉండేవో తెలిస్తే స్లెడ్జి విలువ అర్థమవుతుంది. తారు లేదు, కంకర లేదు. వసంతంలో నేల కరిగితే మోకాటిలోతు బురద. నల్లరేగడి నేలలో వానాకాలం బండి తోలి, చక్రాలు ఇరుసుదాకా దిగబడినప్పుడు ఎద్దుల అవస్థ చూసిన రైతుకు ఈ మాట విడమరచి చెప్పక్కరలేదు. ఆ గుంటలనూ రాళ్ళనూ చలికాలం ఒకేసారి పూడ్చి, ఏ సర్కారూ వేయలేని నున్నటి దారి వేసి ఇచ్చేది. అందుకే దుంగలు, కట్టెలు, ధాన్యం, రాయి, ఏది బరువైతే అది మంచుకోసం ఆగేది. మంచు పడగానే చేయవలసిన పని దాన్ని తీయడం కాదు, అణచడం. మనిషెత్తు చెక్క పీపాలు రెండు పక్కపక్కన బిగించి, బరువుకోసం రాళ్ళెక్కించి, నాలుగో ఆరో గుర్రాలతో దారి పొడుగునా దొర్లించేవారు. మన రోడ్డు రోలరు కంకర మీద చేసే పనే ఇది. నొక్కుడుపడిన మంచు రేణువులు ఒకదానికొకటి అంటుకుని కొన్ని గంటల్లో గట్టిపడతాయి. మళ్ళీ మంచు పడితే మళ్ళీ దొర్లించడం, అలా పొర మీద పొరగా దారి చలికాలమంతా పైకి లేచేది. వెర్మాంట్ పల్లెల్లో 1930ల దాకా ఈ రోలర్లు తిరిగాయి.

ఇదేదో ఒక మూల వాడుక అనుకోవడానికి వీల్లేదు. పక్కనున్న కెనడాలో, క్యూబెక్ రైతులు తమ పొలం ముందున్న దారికి రెండు వైపులా పచ్చటి ఫర్ కొమ్మలు పాతి గుర్తు పెట్టాలని ఫ్రెంచివాళ్ళు పాలించిన కాలం నుంచే ఆజ్ఞలుండేవి. మంచు తుఫానులో భూమీ ఆకాశమూ ఒకటైపోయినప్పుడు ఆ కొమ్మలే బండికి దారి చూపించేవి. గడ్డకట్టిన సెయింట్ లారెన్స్ నది మీద కూడా ఇలాగే కొమ్మలు పాతి రాకపోకలు సాగించారు. 1880లో మాంట్రియల్ దగ్గర ఇంకో అడుగు ముందుకు వేసి ఆ నది మంచు మీద పట్టాలు పరిచి ఏకంగా రైలే నడిపారు. 1881 జనవరిలో ఒక ఇంజను మంచు విరిగి నీళ్ళలో మునిగింది. అయినా మానలేదు, 1883 దాకా నడిపారు. మేన్ రాష్ట్రపు అడవుల్లో దుంగలు లాగేవాళ్ళు మంచు చాలక, రాత్రిళ్ళు నీళ్ళ తొట్టెలున్న స్లెడ్జిలు తిప్పి దారి మీద నీరు చల్లేవారు. తెల్లారేసరికి అది అద్దంలా గడ్డకట్టేది. ఏటవాలులో బండి గుర్రాల మీదికి దూసుకుపోకుండా ఎండుగడ్డి చల్లడానికి వేరే మనుషులుండేవారు. ఆ అడవుల అవసరం కోసమే ఆల్విన్ లొంబార్డ్ అనే మేన్ వాసి 1901లో ఆవిరి ఇంజనుకు చక్రాల స్థానంలో గొలుసు పట్టాలు బిగించి పేటెంటు తీసుకున్నాడు. నేటి బుల్‌డోజరు కింద తిరిగే పట్టాలకు తొలి పూర్వీకుల్లో ఒకటి అలా మంచులో పుట్టింది. స్లెడ్జికి ఒక లోపముంది: అది చప్పుడు చేయదు. ఎదురుగా వస్తున్నది తెలియక ప్రమాదాలు జరుగుతాయని గుర్రాల మెడలో గంటలు తప్పనిసరి చేస్తూ చాలాచోట్ల చట్టాలు వచ్చాయి. కనెక్టికట్‌లోని ఈస్ట్ హాంప్టన్‌లో విలియం బార్టన్ 1808లో గంటల పోత మొదలుపెడితే, ఆ ఊరికి ఊరే గంటలు పోసి బతికింది. మన ఎల్‌కేజీ పిల్లలు పాడే ‘జింగిల్ బెల్స్’ 1857లో అచ్చయినప్పుడు దాని పేరు వేరు, అందులో క్రిస్మస్ ఊసే లేదు. అది ఒంటిగుర్రం స్లెడ్జి గురించిన పాట. అందులో మోగే గంటలు ఆనాటి హారన్లు.

వెనక్కి వెళితే సాక్ష్యాలు పలచబడతాయి, అయినా ఉన్నవి గట్టివే. రష్యా ఉత్తరాన సిందోర్ సరస్సు దగ్గర బురదనేలలో దాదాపు 8 వేల ఏళ్ళనాటి స్కీ ముక్కలు దొరికాయి. ఒకదాని అడుగున దుప్పి తల చెక్కి ఉంది. అది అలంకారంతోపాటు, ఎత్తు ఎక్కేటప్పుడు కాలు వెనక్కి జారకుండా ఆపే అడ్డు కూడా. స్వీడన్‌లోని కాల్వ్‌ట్రాస్క్‌లో 1924లో బయటపడిన స్కీ జత వయసు సుమారు 5,200 ఏళ్ళు. మనకు దొరికిన చక్రాల్లో అతి పాతవి కూడా రమారమి ఆ కాలానివే. అంటే నేల మీద చక్రం దొర్లడానికి చాలా ముందే మంచు మీద మనిషి జారడం నేర్చాడు. ఆ తర్వాతి వేల ఏళ్ళను వదిలి 17వ శతాబ్దంలోకి వస్తే, ఆర్కిటిక్ వృత్తానికి కాస్త పైనున్న యోక్‌మోక్ అనే స్వీడన్ ఊళ్ళో సామీ ప్రజల సంత 1605 నుంచి జరుగుతోంది. అది జరిగేది ఫిబ్రవరిలో, చలి ఎముకలు కొరికే రోజుల్లో. చిత్తడినేలలూ సరస్సులూ గట్టిపడి రెయిన్‌డీర్ స్లెడ్జిలు ఎటైనా సాగేది అప్పుడే కాబట్టి సంత పెట్టుకోవడానికి అదే అనువైన కాలం. అమెరికా స్వాతంత్ర్య పోరాటంలో హెన్రీ నాక్స్ 59 ఫిరంగులను, సుమారు 60 టన్నుల బరువును, టికొండెరోగా కోట నుంచి బోస్టన్‌కు తరలించిన కథ కూడా ఈ వరసలోదే. 1775 డిసెంబరులో స్లెడ్జిలూ ఎడ్లూ గుర్రాలూ సిద్ధమయ్యాక అతను ఎదురుచూసింది మంచుకోసం. మంచు పడక కొన్నాళ్ళు, పడ్డది కరిగి కొన్నాళ్ళు పని ఆగింది. పలచబడిన నది మంచు విరిగి ఫిరంగి నీళ్ళపాలయితే పైకి తీసుకున్నారు. దాదాపు 480 కిలోమీటర్లు నడిచి అవి చేరాక, 1776 మార్చిలో బ్రిటిషు సైన్యం బోస్టన్ విడిచిపెట్టింది. చలికాలం వల్ల ఆగిన దండయాత్రల గురించి చరిత్ర పుస్తకాలు చాలా చెబుతాయి. చలికాలం వల్లనే సాగిన ఇలాంటి ప్రయాణాలకు అంత చోటివ్వవు. ఇది చరిత్రకారుల లోపమనే నా అభిప్రాయం.

ఆ కాలంలో చలికాలం దారితోపాటు పంటనూ ఇచ్చింది. మసాచుసెట్స్ చెరువుల మంచును గుర్రాలు లాగే కత్తులతో పలకలుగా కోసి, రంపపు పొట్టులో పొదిగి, ఫ్రెడరిక్ ట్యూడర్ ఓడల్లో ఎగుమతి చేశాడు. 1833లో అది కలకత్తా చేరింది. మద్రాసు సముద్రతీరంలో వివేకానందుడు 1897లో బస చేసిన భవనానికి ‘ఐస్ హౌస్’ అన్న పేరు ఆ సరుకు దాచినందువల్ల వచ్చిందే. తెలుగువాళ్ళకు ఉత్తరదేశపు చలికాలంతో తొలి పరిచయం, ఆ నగరంలో ఉన్న కొందరికైనా, ఇలా గ్లాసులో జరిగిందన్నమాట.

మరి మంచు శత్రువెప్పుడయింది? నగరాల్లో పట్టాల మీద గుర్రపు ట్రాములు వచ్చాక. ట్రాముకు చక్రాలున్నాయి, అవి చలికాలంలోనూ తిరగాలి. 1862లో మిల్వాకీ నగరం గుర్రాలు లాగే మంచు నాగలిని వీధుల్లో దింపింది. తర్వాత ఒక్కో నగరమూ అదే బాట పట్టింది. అప్పటి ఫిర్యాదులు గమనించదగ్గవి. నాగలి ఎత్తిపోసిన గుట్టలు దుకాణాలకు అడ్డమయ్యాయని వర్తకులు, నడకదారి మూసుకుపోయిందని పాదచారులు, దారంతా గతుకులయిందని స్లెడ్జివాళ్ళు మొత్తుకున్నారు. ఉప్పు చల్లితే చెప్పులూ బట్టలూ పాడవుతున్నాయని, స్లెడ్జికి దారి లేకుండా పోతోందని గొడవ చేశారు. అంటే ఒకే వీధిలో ఒకే మంచు ఒకరికి దారి, ఇంకొకరికి చెత్త. 1888 మార్చిలో వచ్చిన మంచు తుఫాను తూర్పు తీరంలో 400 మందికి పైగా ప్రాణాలు తీసి, న్యూయార్క్‌లో ఎత్తు వంతెనల మీది రైళ్ళను నిలబెట్టేసి, తీగలన్నీ తెంపి ఈ తగవును చక్రం వైపు తేల్చింది. భూగర్భ రైళ్ళ ఆలోచనకు ఊపొచ్చింది. 1897లో బోస్టన్, 1904లో న్యూయార్క్ వాటిని తెరిచాయి. ఆ వెంటనే కారు వచ్చింది. రబ్బరు చక్రానికి నల్లటి నేల కనబడాలి. 1938లో రోడ్ల మీద ఉప్పు చల్లడం మొదలుపెట్టిన తొలి రాష్ట్రం, ఒకప్పుడు వంతెనల్లో మంచు పరిచిన ఆ న్యూ హాంప్‌షైరే. ఇవాళ అమెరికా రోడ్ల మీద ఏటా సుమారు రెండు కోట్ల టన్నుల ఉప్పు పడుతోంది. కరిగి అది వాగుల్లోకీ బావుల్లోకీ దిగుతుంది, వంతెనల కాంక్రీటులోని ఇనుమును తింటుంది. న్యూజెర్సీలోనో టొరంటోలోనో కాపురముంటున్న తెలుగువాళ్ళు వసంతం రాగానే కారు అడుగు భాగం కడిగించుకునేది ఆ తుప్పుకు భయపడే.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, దాన్ని దాటవేయకూడదు. స్లెడ్జి కాలం అందంగా కనిపిస్తోందిగానీ, ఆ దారుల మీద ప్రాణాపాయంలో ఉన్నవాడు ఆసుపత్రికి చేరేవాడా? చేరేవాడు కాదు. క్యూబెక్‌లోని వాల్కూర్ అనే ఊళ్ళో 1934 జనవరిలో జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియర్ అనే మెకానిక్ రెండేళ్ళ కొడుకు కడుపులో చీము పట్టి చనిపోయాడు. మంచు నిండిన దారిలో ఆసుపత్రికి తీసుకెళ్ళే సాధనం లేకపోయింది. మంచు మీద నడిచే మోటారు బండి కోసం అప్పటికే ఏళ్ళ తరబడి తంటాలు పడుతున్న ఆ తండ్రి, గొలుసు పట్టాల మీద ఏడుగురు కూర్చునే బండి చేసి 1937లో పేటెంటు పొందాడు. వైద్యులూ తపాలావాళ్ళూ బడిపిల్లలూ అలాంటి బండ్లలో తిరిగారు. ఈ ఉదాహరణ అభ్యంతరానికి బలమిస్తుంది, కాదనను. అయితే అతను ఎంచుకున్న దారిని కూడా చూడాలి. మంచును తీసేయమని అతను అడగలేదు, మంచు మీద వేగంగా పోయే బండిని కట్టాడు. 1948లో క్యూబెక్ ప్రభుత్వం పల్లె రోడ్ల మీద కూడా మంచు తీయించడం మొదలుపెట్టాక ఆ బండ్ల అమ్మకాలు పడిపోయాయి. అంటే రెండు పరిష్కారాలు ఎదురెదురుగా నిలిస్తే, ప్రభుత్వం డబ్బు ఒకదానివైపు మొగ్గింది. కారున్నవాడికి అది మేలే. కానీ అదొక్కటే సాధ్యమైన దారి అన్నమాట నిజం కాదు.

మంచు దారి అన్నిచోట్లా పనికిరాదన్నది మరో అభ్యంతరం, అదీ సబబే. ఒకరోజు గడ్డకట్టి మరునాడు కరిగే చోట రోలరు బురదనే నొక్కుతుంది. స్లెడ్జి కాలపు జనం భయపడింది కూడా మంచుకు కాదు, కరుగుదలకే. నాక్స్ కష్టాలన్నీ వెచ్చబడిన రోజుల్లోవి. గుర్రం లేని పేదకు, కట్టెలు చాలని ఇంటికి చలి ఎప్పుడూ చలే. ఇవన్నీ ఒప్పుకున్నాక కూడా పోయినదాని బరువు తగ్గదు. మంచుదారి తెరుచుకుంటే చుట్టాలిళ్ళకు వెళ్ళేవారు, నెలల తరబడి చూడని ఊళ్ళు చూసేవారు. ఏ మంచు ఎంత బరువు మోస్తుందో, ఎప్పుడు నొక్కితే గట్టిపడుతుందో తెలిసిన మనుషులు ప్రతి పల్లెలో ఉండేవారు. ఆ చదువును ఎవరూ నిషేధించలేదు. నాగలి, ఉప్పు వచ్చాక అడిగేవాళ్ళు లేక పోయింది. నడిచే కాలం ఇంట్లో ముడుచుకునే కాలమయింది. తెలుగులో చెట్టు మీది తుషారానికీ, ఉదయపు పొగకూ, ఆకాశం నుంచి రాలేదానికీ, పెట్టెలో గడ్డకట్టేదానికీ ‘మంచు’ అన్న ఒక్క మాటతోనే సర్దుకుంటాం. మనకు అంతకన్నా అవసరం రాలేదు. దానితోనే బతికినవాళ్ళు దాని తేడాలు మరిచిపోవడం మాత్రం నిజమైన నష్టం.

ఆ విద్య పూర్తిగా చావలేదు. కెనడా ఉత్తరాన యెల్లోనైఫ్ దగ్గరి నుంచి గనులకు 1982 నుంచి ఏటా చలికాలంలో వందల కిలోమీటర్ల దారి వేస్తున్నారు. అందులో ఎక్కువ భాగం గడ్డకట్టిన సరస్సుల మీదే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో గనులకు కావలసిన డీజిలూ సిమెంటూ యంత్రాలూ లారీల్లో దాని మీదే వెళ్ళాలి. కింద నీటిలో అల లేచి మంచు పగలకుండా బరువు లారీలు గంటకు 25 కిలోమీటర్లు దాటవు. 2006లో అక్కడ చలి చాలలేదు. మంచు మందం కట్టక దారిని ముందే మూసేశారు. మిగిలిపోయిన సరుకును గనులవాళ్ళు విమానాల్లో మోయించుకున్నారు.